జుట్టుపోలిగాని సంసారము

ఆలుమగల కీచులాటను గోడచాటున విని పొరుగువారు నవ్వుకొనుట లోకమంతట ఉన్నదే. ఆ గోడను తొలగించి, నవ్వును నలుగురిలోనికి తెచ్చినది బొమ్మ.

అమెరికాలో ఏ.బి.సి. టెలివిజను 1960 సెప్టెంబరు 30వ తేదీన ‘ఫ్లింట్‌స్టోన్స్’ అను బొమ్మల హాస్యనాటకమును ఆరంభించినది. మనుష్యులు రాతియుగమువారు, సంసారము మాత్రము ఇరువదవ శతాబ్దిది. మొదటి కథలో ఫ్రెడ్ అను గృహస్థు భార్యతో సంగీతనాటకమునకు పోవలసి వచ్చి, జబ్బుపడినట్లు నటించును. ఆడవారు గడప దాటిరో లేదో, పొరుగింటి బార్నీ కనిపెట్టిన ఎగిరెడి యంత్రమెక్కి మిత్రులిద్దరును తమకు ప్రియమైన బంతియాటకు ఉడాయింతురు.

ఈ కథను నిమ్మనపల్లె రచ్చబండ దగ్గర చెప్పినచో, ముసలివారు “ఇది మన పోలిగాని వేషమే గదా!” అనగలరు. రాయలసీమ తోలుబొమ్మలాటలో జుట్టుపోలిగాడు, బంగారక్క అను దంపతులది ఇదే పని. రాముడు అడవికి పోవుచున్నను, రావణుని కొలువు సాగుచున్నను కథను ఆపి వారు తెరమీదికి వత్తురు. బోడినెత్తిపై పిలకజుట్టుతో అతడు, నోటిదురుసుతో ఆమె. నడుమ దూరి తగవు పెంచువాడు కేతిగాడు. రామాయణమునకును వీరికిని సంబంధమేమని పండితుడు అడుగవచ్చును. తెల్లవారువరకు మేలుకొనవలసిన ప్రేక్షకుడు అడుగడు.

ఈ హాస్యము తరచు మోటుది. కొన్ని మాటలు బడిలో చదివి వినిపింపదగినవి కావు. ఐనను అందులో ఆ ఊరి పిసినారి, ఆ ఏటి కరవు, అంగడిలోని ధర అన్నియు దొర్లును. ఫ్లింట్‌స్టోన్స్ కథ ఎక్కడ చూచినను ఒక్కటే. పోలిగాని జగడము నిమ్మనపల్లెలో ఆడినచో ఒక తీరు, పుంగనూరులో ఆడినచో మరియొక తీరు.

తెరవెనుక సంగతి మరింత సొగసైనది. ఈ ఆటగాండ్రు మహారాష్ట్రము నుండి వచ్చినవారి సంతతి. ఇంట మరాఠీ, తెరపై తెలుగు. స్త్రీపాత్రలకు ఆ ఇంటి ఆడవారే గొంతునిత్తురు. కనుక బంగారక్క మగనిని తిట్టునప్పుడు, తెరవెనుక ఒక ఇల్లాలు తన పెనిమిటి మొగము చూచియే తిట్టుచుండవచ్చును. అందులో నటన ఎంతో, నిజమెంతో!

మదనపల్లె నుండి కదిరి మీదుగా ధర్మవరపు దిక్కునకు పోయినచో నిమ్మలకుంట వచ్చును. ఈ కళకు పేరుపడిన ఊరు అది. దళవాయి చలపతిరావుగారికి 2020లో పద్మశ్రీ పురస్కారము ప్రకటింపబడినది. నేడు అచ్చట ఆటకంటె దీపపు తొడుగులు, గోడ అలంకరణలే ఎక్కువగా కూడు పెట్టుచున్నవి. తోలుపై తీర్చిన హనుమంతుడు, నెమలి పట్టణపు ఇండ్లకు పోవుచున్నవి. కళ బ్రతికినదని సంతోషింపవలసినదే. కాని దీపపు తొడుగు మాటలాడదు.

రామకథకు రంగనాథరామాయణము వ్రాతలో ఉన్నది. పోలిగాని మాటలకు ఆటగాని నాలుకయే తాళపత్రము. ఊరిలో ఏ అవ్వయో, తాతయో జ్ఞప్తియందుంచుకొన్న జగడమును బంగారక్క తిట్లతో సహా వ్రాసికొనుట, మదనపల్లె ప్రాంతపు విద్యార్థులకు ఒక్క వేసవి సెలవులలో సాధ్యమైన పని. ఉపాధ్యాయులు ఆ మోటుమాటలను వెంటనే ఎఱ్ఱసిరాతో దిద్దకుండిన చాలును.