ఆకలి లేని తిండి

ఆకలి తీరిన పిదప కూడా, కడుపు బాధించేంతవరకు ఆపుకోలేక తినడం కేవలం జిహ్వచాపల్యం కాదు. 1959లో అమెరికా వైద్యుడు ఆల్బర్ట్ స్టంకార్డ్ ఈ లక్షణాన్ని వర్ణించాడు. 2013లో అమెరికా మనోవైద్యుల సంఘం దీనిని ప్రత్యేక రుగ్మతగా గుర్తించింది.

విందులో నాలుగు బూరెలు అధికంగా తిన్నవాడు రోగి కాడు. ఈ రుగ్మత గలవాడు తరచుగా నలుగురిలో మితంగా తిని, అందరూ నిద్రించాక ఒంటరిగా తింటాడు. అందుకు తనను తానే అసహ్యించుకొంటాడు. ఆ అపరాధభావంతో కొన్నిసార్లు మరునాడు పస్తుంటాడు. చిక్కంతా ఇక్కడే ఉంది. పస్తు వల్ల ఆకలి పెరుగుతుంది. వద్దనుకొన్న పదార్థంపైనే మనసు నిలుస్తుంది. సాయంకాలానికి నిగ్రహం సడలి మళ్లీ అతిభోజనం. 'నోరు కట్టుకో' అని ఇంటివారు మందలించడం అగ్నికి ఆజ్యం పోయడమే.

ఉదరంలో రెండు పాళ్లు అన్నానికి, ఒక పాలు ద్రవానికి కేటాయించి నాల్గవది ఖాళీగా ఉంచమన్నాడు వాగ్భటుడు. ఆ కొలత పాటించగలవాడికి వైద్యుడితో పని లేదు. పాటించలేనివాడికి చికిత్స కొలతతో గాక వేళతో మొదలవుతుంది: మూడు పూటల భోజనం, నడుమ రెండు మూడుసార్లు అల్పాహారం, నాలుగు గంటలకు మించని వ్యవధి. రాత్రి అదుపు తప్పినా ఉదయపు ఇడ్లీ మానరాదు. అన్నింటిలో కష్టమైన నియమం ఇదే. తిన్నదీ, అప్పటి మనఃస్థితీ వెంటనే వ్రాసుకొంటే కోపమో, ఒంటరితనమో, పరీక్షల భయమో ఆకలి వేషంలో వస్తున్నట్లు కొన్ని వారాలలో తెలుస్తుంది.