పడవలు తిరగని మన కాలువ

కాలువ అన్న మాట వినగానే కోస్తా జిల్లాల పెద్దవాళ్ళకు పడవ గుర్తుకొస్తుంది. మన నిజామాబాద్ వాళ్ళకు నీళ్ళ వంతు గుర్తుకొస్తుంది. నిజాంసాగర్‌ను నింపే మంజీర కందకుర్తి దగ్గర గోదావరిలో కలుస్తుంది. ఆ గోదావరే ధవళేశ్వరం చేరి డెల్టా కాలువల్లో పారుతుంది. ఒకే నది కుటుంబం. అయినా అక్కడి కాలువల్లో తరతరాలు పడవల మీద తిరిగారు, ఇక్కడ ఆ ముచ్చటే లేదు. ఎందుకు లేదు? అందువల్ల మన ఊళ్ళకు ఏమైంది? ఈ రెండు ప్రశ్నల గురించే ఈ వ్యాసం.

ముందు అక్కడి సంగతి. కాటన్ దొర ధవళేశ్వరం ఆనకట్ట పని 1847లో మొదలై 1852లో ముగిసింది. కాలువ అంటే పొలానికి నీరు, సరుకుకు దారి, రెండూ అని ఆయన పట్టుదల. డెల్టా నేల చదును కాబట్టి నీరు మెల్లగా పారుతుంది. ఎత్తు మారిన చోట లాకులు కట్టారు. లాకు అంటే రెండు తలుపుల మధ్య ఉన్న తొట్టి అనుకోండి. పడవ లోపలికి రాగానే వెనక తలుపు మూసి, నీరు నింపో తీసో అవతలి మట్టానికి సరిచేస్తారు. అప్పుడు ముందు తలుపు తీస్తారు. గాలి ఉంటే తెరచాప, లేకపోతే గడ. అదీ కుదరకపోతే గట్టు మీద మనుషులు తాడు భుజాన వేసుకొని లాగేవారు. అంటే ప్రయాణం మనిషి నడిచేంత వేగమే!

ఆ వేగంలోనే అసలు లాభముంది. లాకు దగ్గర పడవ ఆగితే జనం దిగేవారు, ఊరు చూసేవారు, బేరం చేసేవారు. కాకినాడ కాలువ మీద సామర్లకోటలో చాళుక్య భీమేశ్వరాలయం ఉంది. ఏలూరు కాలువ నిడదవోలు మీదుగా ఏలూరు చేరుతుంది. పక్కనే పెదవేగి, తూర్పు చాళుక్యుల వేంగి అదే. బెజవాడ దాటి కొమ్మమూరు కాలువలో పెదగంజాం దాకా పోతే, ఆ దగ్గర్లోనే మోటుపల్లి. మన ఓరుగల్లు గణపతిదేవుడు 1244లో సముద్ర వర్తకులకు అభయశాసనం వేయించిన రేవు అది. పెదగంజాం నుంచి బకింగ్‌హాం కాలువ పట్టుకుంటే మద్రాసే. 1806లో మద్రాసు దగ్గర మొదలైన ఆ కాలువను 1877–78 కరువు పనుల్లో చాలా దూరం పెంచారు. తర్వాత రైళ్ళూ లారీలూ పడవల పని లాక్కున్నాయి, తుఫానులు కాలువను పూడ్చాయి. 2008లో ఈ దారిని నాలుగో జాతీయ జలమార్గంలో చేర్చారు.

ఇక మన సంగతి. మనది పీఠభూమి, నేల వాలు ఎక్కువ. కాలువ మెట్లు దిగినట్టు దిగాలి. పడవ తిరగాలంటే ప్రతి మెట్టు దగ్గరా లాకు ఉండాలి, ఏడాదిలో ఎక్కువ కాలం ఒకే లోతు నీరుండాలి. వంతుల మీద వదిలే నీటితో అది సాధ్యం కాదు. పీఠభూమి మీద ఈ ప్రయత్నం జరగలేదని కాదు. కర్నూలు–కడప కాలువను 1860ల్లో ఒక ఇంగ్లీషు కంపెనీ సేద్యానికీ పడవలకీ కలిపి తవ్వించింది. దారి పొడవునా లాకులు కట్టి ఖర్చుపాలైంది. చివరికి 1882లో ప్రభుత్వం కొనవలసి వచ్చింది. 1923లో నవాబ్ అలీ నవాజ్ జంగ్ ఆధ్వర్యంలో మొదలై 1931లో పూర్తయిన నిజాంసాగర్, 2,75,000 ఎకరాల సాగు కోసం లెక్కవేసిన ప్రాజెక్టు. ఆ నీటితో చెరకు పెరిగింది, 1937లో శక్కర్‌నగర్‌లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ వెలిసింది. చెరకు ఎడ్లబండ్ల మీద, తర్వాత లారీల మీద వచ్చింది. బోధన్‌కు జానకంపేట నుంచి రైలు దారి ఉంది. డెల్టాలో పడవ చేసిన పని ఇక్కడ బండి చక్రం చేసిందన్నమాట.

ఈ నీటి కోసమే డెల్టా రైతులు ఇక్కడికి వలస వచ్చి ‘కాంపులు’ కట్టుకున్నారు. కిందటేడు నేనూ ఇద్దరు మిత్రులూ బాన్సువాడ నుంచి బోధన్ దాకా సైకిళ్ళ మీద వెళ్ళాం, గట్టు దారి ఉన్నచోట గట్టు మీద, లేనిచోట రోడ్డు మీద. వర్ని దగ్గర ఒక కాంపులో మజ్జిగ ఇచ్చిన ముసలమ్మ చెప్పింది: “మా మామగారు ఊరి రేవులో పడవెక్కి, నిడదవోలులో రైలెక్కి వచ్చారంట బాబూ. ఇక్కడ కాలవ చూసి, రేవెక్కడని అడిగారంట. అందరూ నవ్వారంట!”

నవ్వులాటగా చెప్పినా ఆ మాట నన్ను వదల్లేదు. రేవు లేని కాలువకు ఊళ్ళను కలిపి చూపే దారి లేదు. మనం బస్సులో బోధన్ దిగుతాం, పని చూసుకొని తిరుగుతాం. ఆ బోధనే అశ్మక జనపదపు రాజధాని పోదన అని చాలామంది చరిత్రకారుల అభిప్రాయం. షోడశ మహాజనపదాలలో వింధ్యకు దక్షిణాన ఉన్నది అదొక్కటే. దేవల్ మసీదు స్తంభాల మీద జైన తీర్థంకరుల బొమ్మలున్నాయి. నిజాంసాగర్ కంటే ఎంతో పాతదైన బెల్లాల్ చెరువుంది. కందకుర్తిలో త్రివేణి సంగమం ఉంది. ఇందూరు ఖిల్లా మన కళ్ళెదుటే ఉంది. 1905లో రైలుతో పాటే ఇందూరుకు నిజామాబాద్ అన్న పేరు వచ్చిందని మనలో ఎందరికి తెలుసు?

రాళ్ళు ఇంకా కొంతకాలం ఆగుతాయి, మనుషులు ఆగరు. షుగర్ ఫ్యాక్టరీ 2015 డిసెంబరులో మూతపడింది. గానుగ సీజన్‌లో రాత్రంతా బండ్ల వరుసలో నిలబడ్డ రైతులు, షిఫ్టు సైరన్‌కు గడియారం సరిచేసుకున్న కార్మికులు ముసలివాళ్ళవుతున్నారు. కాలువ తవ్విన కూలీల పిల్లల్లోనూ మిగిలినవారు కొద్దిమందే. వీళ్ళ మాటలు ఏ శాసనంలోనూ లేవు.

అందుకని యూనియన్ మిత్రులకు, లెక్చరర్లకు ఒక మనవి. ప్రతి ఏటా ఎక్స్‌కర్షన్‌కు దూరపు ఊళ్ళు వెతుకుతాం. ఒక్క ఏడు నిజాంసాగర్ దగ్గర మొదలుపెట్టి, కాలువ వెంట, పడవ వేగంతో నడుద్దాం. చరిత్ర విద్యార్థి శాసనం చూస్తాడు, సైన్సు విద్యార్థి తూము కొలుస్తాడు, తెలుగు విద్యార్థి పెద్దల మాట రాసుకుంటాడు. ఎక్కడ ఆగితే అదే మన రేవు.