పాస్టరమ్మ అంటే పాస్టరు భార్యేనా?

ఈమధ్య తమిళనాడులోని కోవిల్‌పట్టిలో ఒకరింట భోజనాలయ్యాక కబుర్లు చెప్పుకుంటున్నాం. అక్కడి తెలుగువాళ్ళ ఇళ్ళన్నిటిలాగే ఇంట్లో తెలుగు, బడిలోనూ చర్చిలోనూ తమిళం. ఆరో తరగతి చదివే పిల్ల ఉన్నట్టుండి, "అవ్వా, నేను అయ్యగారు కావచ్చా?" అని అడిగింది. అయ్యగారంటే పాస్టరు. అవ్వ దాని తల నిమిరి, "ఆడపిల్లవి, పాస్టరమ్మవి అవుదువులే" అంది. ప్రేమగానే అంది. కానీ ఆ మాటకు అర్థం, పాస్టరును పెళ్ళాడతావని. పిల్ల మరి మాట్లాడలేదు. ఆ అవ్వను తప్పుపట్టను. మనం తరతరాలుగా చెప్పుకుంటున్నదే ఆమె చెప్పింది.

అపోహ: సంఘంలో ఆడవాళ్ళు ముందు నిలబడడం ఈ కాలపు పోకడ.

వాస్తవం: ఆ ఇంటికి సుమారు 60 కిలోమీటర్ల దూరంలోనే పాళయంకోట్టై ఉంది. 1986 దాకా కోవిల్‌పట్టి ఉన్న తూత్తుకుడి కూడా, పాళయంకోట్టై ఉన్న తిరునెల్వేలి జిల్లాలో భాగమే కాబట్టి ఆ చరిత్ర వీళ్ళదే. తంజావూరు నుంచి వచ్చిన ఒక మరాఠీ బ్రాహ్మణ వితంతువుకు 1778లో అక్కడ ష్వార్ట్జ్ అనే జర్మన్ మిషనరీ బాప్తిస్మమిచ్చాడు. పేరు క్లొరిండా. పెళ్ళి కాకుండా ఒక ఆంగ్లేయ అధికారితో కాపురం చేస్తోందని అంతకుముందు ఆయన కాదన్నాడు. ఆ అధికారి పోయాకే ఇచ్చాడు. అంత అవమానం పడ్డ మనిషి మూల కూర్చోలేదు. తన చుట్టూ ఉన్నవాళ్ళను కూడగట్టింది. 1780 నాటి సంఘం పట్టీలో 40 పేర్లుంటే మొదటి పేరు ఆమెదే. పూనుకుని గుడి కట్టించింది, 1785లో దాన్ని ప్రతిష్ఠించారు. ఊరివాళ్ళు ఇప్పటికీ దాన్ని పాప్పాత్తి అమ్మాళ్ కోవిల్ అంటారు, మన మాటలో బాపనమ్మ గుడి. ఆమె తవ్వించిన బావికీ ఆ పేరే. తిరునెల్వేలి సీమలో ప్రొటెస్టెంటు సంఘం కథ ఒక ఆడమనిషి పేరుతో మొదలవుతుంది. ఆమెకు ఏ పదవీ లేదు, ఎవరూ అభిషేకించలేదు.

అపోహ: పౌలు ఆడవాళ్ళను నోరెత్తవద్దన్నాడు, ఇక మాటేముంది?

వాస్తవం: తిమోతికి రాసిన మొదటి పత్రికలో స్త్రీ ఉపదేశించకూడదన్న మాట ఉంది. లేదని బుకాయించనక్కర్లేదు. కానీ తిమోతి అప్పుడున్నది ఎఫెసులో. అదే ఎఫెసులో అపొల్లో అంతటి పండితుణ్ణి పక్కకు తీసుకెళ్ళి దేవుని మార్గాన్ని మరింత వివరంగా బోధించినవాళ్ళలో ప్రిస్కిల్ల ఉంది. ఆమెను పౌలు జతపనివారిలో లెక్కించాడు, భర్త కంటే ముందు ఆమె పేరే రాశాడు. కొరింథీయులకు రాస్తూ, స్త్రీలు ప్రార్థించేటప్పుడూ ప్రవచించేటప్పుడూ ఎలా ఉండాలో చెప్పాడు. అసలు నోరే తెరవకూడదంటే ఆ మాట చెప్పే పనేముంది? ఇక రోమా పత్రిక 16వ అధ్యాయం. పేర్ల జాబితా కదా అని మనం గబగబా దాటేస్తాం. అందులో ఫీబేను పరిచారకురాలు అన్నాడు. గ్రీకులో ఆ మాట, పౌలు తనను గురించి తాను వాడుకున్న మాటే. అపొస్తలులలో పేరుపొందినవారంటూ చెప్పిన ఇద్దరిలో యూనీయ ఒకరు. తెలుగు బైబిల్లో చదివితే ఆ పేరు ఆడో మగో తెలియదు. నాలుగో శతాబ్దపు బోధకుడు క్రిసోస్తొముకు మాత్రం ఆమె స్త్రీ అని తెలుసు, మెచ్చుకున్నాడు కూడా. తర్వాతి పండితులే ఆమెను మగవాణ్ణి చేశారు.

అపోహ: సువార్త పనికి ఊళ్ళు దాటి వెళ్ళింది మగవాళ్ళే.

వాస్తవం: తూత్తుకుడి జిల్లా వెళ్ళాళన్‌విళైలో పుట్టిన అజరయ్య మన డోర్నకల్‌కు వచ్చి, 1912లో ఆంగ్లికన్ సంఘంలో తొలి భారతీయ బిషప్ అయ్యారు. ఈ కథ తెలుగు క్రైస్తవులకు కొట్టినపిండి. ఆయన భార్య అన్బు మరియమ్మాళ్ పేరు ఎందరు చెప్పగలరు? దక్షిణాదిన కాలేజీ చదువు చదివిన తొలి క్రైస్తవ స్త్రీలలో ఆమె ఒకరు. డోర్నకల్ పల్లెల్లో ఆడవాళ్ళ మధ్య పనిచేశారు. అక్కడ గురువులు కాబోయేవారి భార్యలకూ చదువు చెప్పించారు. ఇక బైబిలు ఉమెన్, అంటే ఇళ్ళకు వెళ్ళి ఆడవాళ్ళకు వాక్యం చెప్పిన స్త్రీలు, గడప గడపకూ నడిచి వెళ్ళకపోతే, మగ మిషనరీకి ప్రవేశం లేని ఎన్ని వంటిళ్ళలోకి వాక్యం చేరేది?

అపోహ: సంఘ నియమాలు ఒప్పుకోవు.

వాస్తవం: కతోలిక, ఆర్థడాక్స్ సంఘాల్లో స్త్రీలకు గురు అభిషేకం లేదు, నిజమే. కానీ ఆ అవ్వ వెళ్ళేది సీఎస్ఐ (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా) చర్చికి. అందులో 1976 నుంచే స్త్రీలకు అభిషేకం ఉంది. 2013 సెప్టెంబరులో నంద్యాలలో ఎగ్గోని పుష్పలలిత సీఎస్ఐ తొలి మహిళా బిషప్‌గా అభిషేకం పొందారు. తెలుగు ఆడబిడ్డ.

ఇదంతా అవ్వకు చెప్పాను. చాలాసేపు ఊఁ కొడుతూ విని, "మరి అలాంటామెను ఏమని పిలవాలి?" అంది. నా దగ్గర జవాబు లేదు. పాస్టరమ్మ అన్న మాట పాస్టరు భార్య పేరున ఉండిపోయింది కదా. ఈసారి వెళ్ళినప్పుడు ఆ పిల్లను పాళయంకోట్టై తీసుకెళ్ళాలి. గుడి చూపించి, బావి దగ్గరికీ తీసుకెళ్తాను.