పొగగొట్టం మారిస్తే ఇంజిన్ లైట్ ఎందుకు వెలుగుతుంది?

బండికి కంపెనీ ఇచ్చిన పొగగొట్టం తీసేసి, బయట కొన్న బెండ్‌పైపు బిగిస్తారు. కాసేపటికే మీటర్‌లో పసుపు రంగు ఇంజిన్ లైట్! ఇంజిన్ పాడైందా? చాలాసార్లు కాదు. పొగలో ఆక్సిజన్ ఎంత మిగిలిందో కొలిచే సెన్సార్ తికమకపడుతోంది.

గ్రాము పెట్రోలు సరిగ్గా మండాలంటే సుమారు 14.7 గ్రాముల గాలి కావాలి. మామూలు జిర్కోనియా సెన్సార్, పెట్రోలు ఎక్కువైతే దాదాపు 0.9 వోల్టులు, గాలి ఎక్కువైతే 0.1 వోల్టు చూపిస్తుంది. దాన్నిబట్టి ఇంజిన్ కంప్యూటర్ పెట్రోలును పెంచుతుంది, తగ్గిస్తుంది.

ఇక్కడే అసలు విచిత్రం. గొట్టం అతుకులో ఉండే గ్యాస్కెట్ సరిగా కూర్చోకపోతే సన్నని సందు మిగులుతుంది. అందులోంచి పొగ బయటికే పోతుందనుకుంటాం. కానీ పొగ విడతలుగా వస్తుంది. విడతల మధ్య గొట్టంలో పీడనం పడిపోయి, బయటి గాలి లోపలికి దూరుతుంది! సెన్సార్ "గాలి ఎక్కువైంది" అంటుంది. కంప్యూటర్ అది నమ్మి అనవసరంగా పెట్రోలు పోయిస్తుంది. మైలేజీ పడిపోతుంది.

సెన్సార్‌ను ఇంజిన్‌కు దూరంగా బిగించినా చిక్కే. సుమారు 300 డిగ్రీల సెల్సియస్ వేడెక్కితేగానీ అది సరిగా పనిచేయదు. సెన్సార్ వైరు వేడి గొట్టానికి తగిలి కరిగిపోవడమూ మామూలే.

పొగలోని విషవాయువులను శుభ్రపరిచే క్యాటలిటిక్ కన్వర్టర్‌ను తీసేస్తే, దాని వెనకుండే రెండో సెన్సార్ పట్టేస్తుంది. కార్లలో అప్పుడొచ్చే కోడ్ పీ0420. అది సెన్సార్ తప్పు కాదు. విషవాయువులు శుభ్రపడకుండా పోతున్నాయన్న నిజమైన హెచ్చరిక. కన్వర్టర్‌ను తిరిగి పెట్టించాల్సిందే.

మెకానిక్ స్కానర్‌తో కోడ్ చదివాక, ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు గ్యాస్కెట్, బోల్టులు, వైర్లు చూడమనండి. ఆ తర్వాతే కొత్త సెన్సార్ కొనండి.