విషపు మట్టిలో పచ్చని గడ్డి

గని మూతబడి పనివారు వెళ్లిపోయిన తరువాత అక్కడ మిగిలేవి మట్టి దిబ్బలే. సీసము, జింకు, రాగి వంటి లోహాలు ఆ మట్టిలో ఎంతగా ఉంటాయంటే, వంద సంవత్సరాలు గడచినా మామూలు గడ్డి గింజ అక్కడ వేరు పారదు. ఆకు కుళ్లి ఎరువైనట్లు లోహము కుళ్లిపోదు. ఎండకు దుమ్మై ఇండ్లమీద పడుతుంది, వానకు కొట్టుకుపోయి వాగులో కలుస్తుంది.

అయినా అలాంటి దిబ్బలమీద కూడా అక్కడక్కడ పచ్చదనం కనబడుతుంది. ఇది ఎలా సాధ్యమని మనము అడుగవచ్చు.

బ్రిటన్‌లోని వేల్స్ ప్రాంతములో ఆంథొనీ బ్రాడ్‌షా అనే శాస్త్రజ్ఞుడు ఈ ప్రశ్నకు జవాబు వెదికాడు. గోగినాన్ అనే చోట పాత సీసపు గని దిబ్బమీద ఆగ్రోస్టిస్ అనే సన్నని గడ్డి పెరుగుతూ ఉండేది. మంచి నేలగల పచ్చిక బయళ్లలోనూ అదే జాతి గడ్డి ఉన్నది. ఆయన రెండు చోట్ల గడ్డినీ గని మట్టిలో నాటి చూశాడు. గని గడ్డి పెరిగింది, బయలు గడ్డి వేరు సాగక చనిపోయింది. ఈ సంగతిని ఆయన 1952లో ప్రకటించాడు.

చూపుకు రెండూ ఒకటే. తేడా విత్తనములో ఉన్నది. మామూలు గడ్డి గింజలు వేలకొలది విషపు మట్టిలో చల్లితే ఏ కొన్నో మాత్రమే బ్రతుకుతాయి. అవి విషానికి మెల్లమెల్లగా అలవాటు పడినవి కావు, తట్టుకొనే శక్తి వాటికి పుట్టుకతోనే ఉన్నది. తక్కినవి చస్తాయి, ఇవి విత్తనము వేస్తాయి. తరాలు గడచేసరికి దిబ్బమీద ఆ సంతతే నిలుస్తుంది. అయితే మంచి నేలలో మామూలు గడ్డితో పోటీపడలేక ఇది వెనుకబడుతుంది.

కొన్ని మొక్కలు లోహాన్ని వేళ్లలోనే ఆపుకొంటాయి. మరికొన్ని ఆకులకు ఎక్కించి దాచుకొంటాయి. జర్మనీలోని ఆహెన్ పట్టణము దగ్గర జింకు గనుల నేలలో పెరిగే ఒక చిన్న మొక్క ఎండుటాకులలో నూటికి ఒక వంతుకు మించి జింకు ఉన్నట్లు 1885లోనే తేలింది. న్యూ కాలెడోనియా దీవిలో ఒక చెట్టుకు గాటు పెడితే నీలి ఆకుపచ్చ పాలు కారుతాయి. ఆ పాలు ఎండితే అందులో దాదాపు నాలుగవ వంతు నికెలే!

బ్రాడ్‌షా, ఆయన తోటివారు తట్టుకొనే గడ్డిని ఏరి మెర్లిన్, పేరిస్, గోగినాన్ అనే రకాలను తయారు చేశారు. కొంత ఎరువు వేసి వీటిని దిబ్బలమీద చల్లితే వేళ్లు మట్టిని పట్టి ఉంచుతాయి, దుమ్ము తగ్గుతుంది.

ఇక్కడ మేము ముఖ్యముగా చెప్పగోరునది ఒకటున్నది. పచ్చగా ఉన్నదంతా మేతకు పనికిరాదు. పాత గని దిబ్బమీద పశువులను మేపవద్దు, మేతతో పాటు ఆ మట్టి కూడా వాటి కడుపులోకి పోతుంది. అక్కడి ఆకుకూర కోయవద్దు, ఆ మట్టిని పెరటి మడికి తేవద్దు. పిల్లలను అక్కడ ఆడనివ్వవద్దు. మట్టి చేతులు నోట పెట్టుకొంటే సీసము లోనికి పోయి, ఎదిగే మెదడుకు తీరని హాని చేస్తుంది. ఆ గడ్డి మట్టిని కదలకుండా పట్టి ఉంచుతుందే గాని విషాన్ని తీసివేయదు.