ప్లాంటు పక్కనే ఉంటే సరిపోదు

మణుగూరు దగ్గర భద్రాద్రి థర్మల్ కేంద్రం 1,080 మెగావాట్లు, పాల్వంచలో కొత్తగూడెం థర్మల్ పవర్ స్టేషన్ (కేటీపీఎస్) ఇప్పుడు నడుస్తున్న మూడు దశలు కలిపి 1,800 మెగావాట్లు. బొగ్గు ఇక్కడిదే, గోదావరి, కిన్నెరసాని నీళ్లు ఇక్కడివే, బూడిద పడేదీ ఇక్కడే. మరి చర్ల, దుమ్ముగూడెం, గుండాల, కరకగూడెం వైపు అడవి గూడేలకు గాలివాన వస్తే కరెంటు పోవడమేమిటి, ఎండాకాలం సాయంత్రం ఫ్యాను నీరసంగా తిరగడమేమిటి? ఈ ప్రశ్న న్యాయమైనదే. దానికి చెప్పుకునే జవాబులోనే తప్పుంది. ‘మన కరెంటంతా హైదరాబాదుకు పట్టుకుపోతున్నారు, ఇక్కడ ఇంకో ప్లాంటు కడితే మనకూ మిగులుతుంది’ అంటారు. కానీ మణుగూరు ఉత్పత్తిని రేపటికి రేపు రెట్టింపు చేసినా ఆ గూడెంలో బల్బు ఒక్క వోల్టు కూడా ఎక్కువ వెలగదు. అక్కడ తక్కువైంది మెగావాట్లు కాదు, వాటిని మోసుకొచ్చే దారి. ఒక వెనకబడిన ప్రాంతానికి ఇరవై, ముప్ఫై ఏళ్ల విద్యుత్ ప్రణాళిక వేసేటప్పుడు మొదట తేల్చవలసింది ఈ దారి సంగతే.

ఖమ్మం రైతుకు ఇది తెలియని విషయమేమీ కాదు. నాగార్జునసాగర్ నిండుకుండలా ఉన్న ఏడాది కూడా ఎడమ కాలువ చివరి ఆయకట్టుకు నీరు అందక మడి ఎండిన రోజులున్నాయి. ప్రధాన కాలువ ఊరి పక్క నుంచే పోతున్నా గట్టు తెంచి మడిలోకి నీళ్లు పెట్టుకోలేం. తూము ఉండాలి, మేజరు ఉండాలి, పంట కాలువ ఉండాలి. కరెంటుకూ అంతే. ప్లాంటు నుంచి 400 కిలోవోల్టుల మీద బయలుదేరే లైను ప్రధాన కాలువ. 132 కిలోవోల్టుల లైన్లు మేజర్లు, 33 కిలోవోల్టులవి మైనర్లు, ఊళ్లోకి వచ్చే 11 కిలోవోల్టుల ఫీడరు పంట కాలువ. గూడెం నెత్తి మీదుగా పెద్ద లైను పోతున్నా, మధ్యలో ఓల్టేజిని మెట్లు మెట్లుగా దించే సబ్‌స్టేషన్లు లేకపోతే దానివల్ల ఆ గూడేనికి చేకూరేది శూన్యం. పంట కాలువ సన్నగా, పొడవుగా ఉంటే నీరు దారిలోనే ఇంకిపోయినట్టు కరెంటు కూడా తీగలోనే వేడిగా ఇంకిపోతుంది. కాలువ మీద ముందు మడులవాళ్లు నాలుగు మోటార్లు పెడితే చివరి మడికి చేరేది తగ్గినట్టే, ఫీడరు మొదట్లో వాడకం పెరిగితే చివర ఓల్టేజి పడిపోతుంది. ఒక్క చోట మాత్రం ఈ పోలిక నిలవదు. కాలువ నీటిని వైరా చెరువులోనో పాలేరు జలాశయంలోనో ఆపుకోవచ్చు. తీగలో కరెంటుకు అలా ఆగే చోటు లేదు. ఏ క్షణం వాడకానికి ఆ క్షణమే ఉత్పత్తి జరగాలి. కాబట్టి ఏడాది మొత్తంలో ఎన్ని యూనిట్లు కావాలన్న లెక్కతో సరిపెట్టుకోలేం. ఏ గంటలో, ఏ చోట ఎంత కావాలో తెలియాలి.

ఈ ఇంకిపోవడం ఎంత ఉంటుందో అంకెల్లో చూస్తే తప్ప దాని తీవ్రత తెలియదు. ముప్ఫై కిలోమీటర్ల 11 కిలోవోల్టుల ఫీడరు ఒకటి అడవిలోకి పోయిందనుకుందాం. చివర ఉన్న గూడేలన్నిటికీ కలిపి రెండు మెగావాట్లు పంపాలి. అందుకు తీగలో దాదాపు 105 ఆంపియర్ల కరెంటు పారాలి. పల్లె ఫీడర్లకు వాడే సన్నటి అల్యూమినియం తీగకు కిలోమీటరుకు అర ఓముకు కాస్త పైగా నిరోధం ఉంటుంది. లెక్క వేస్తే పంపినదాంట్లో నాలుగో వంతు, అంటే ఐదు వందల కిలోవాట్లకు పైగా, తీగను వేడి చేయడానికే పోతుంది. చివర 230 వోల్టులు రావలసిన చోట 170 దగ్గరికి దిగిపోతుంది. అదే రెండు మెగావాట్లను అదే తీగ మీద 33 కిలోవోల్టుల దగ్గర పంపితే? ఓల్టేజి మూడింతలైంది కాబట్టి కరెంటు మూడో వంతుకు, 35 ఆంపియర్లకు తగ్గుతుంది. నష్టం కరెంటు వర్గాన్ని బట్టి ఉంటుంది కనుక తొమ్మిదో వంతుకు, అంటే అరవై కిలోవాట్లకు పడిపోతుంది. కొత్తగా ఒక్క బొగ్గు పెళ్ల కాల్చకుండా నాలుగు వందల యాభై కిలోవాట్ల పైచిలుకు మిగిలింది. ముప్ఫై కిలోమీటర్ల అవతల ఒక 33/11 సబ్‌స్టేషన్ కట్టడం ఎందుకు ముఖ్యమో ఇంతకన్నా చెప్పనక్కర్లేదు. లో ఓల్టేజిలో మోటారు ఎక్కువ కరెంటు లాగి వైండింగు కాలుతుంది. అది రైతు తలరాత కాదు, ఆ సబ్‌స్టేషన్ లేకపోవడం.

మరి అది ఎందుకు కట్టరు? ‘అక్కడ వాడకం లేదు’ అన్నది సాధారణంగా వచ్చే జవాబు. 2003 విద్యుత్ చట్టం ప్రకారం కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ జాతీయ ప్రణాళిక వేస్తుంది. రాష్ట్రంలో పంపిణీ సంస్థలు తమ అంచనాలను నియంత్రణ మండలికి ఇస్తాయి. ఈ అంచనాలకు ప్రధాన పునాది గత ఏళ్ల వాడకం. నగరానికి ఈ పద్ధతి బాగానే నప్పుతుంది. అడవి అంచుకు మాత్రం అన్యాయం చేస్తుంది. లో ఓల్టేజి ఉన్నచోట పిండిమర పెట్టరు, మోటారు కొనరు. కొనరు కాబట్టి మీటరు తిరగదు. మీటరు తిరగలేదు కాబట్టి అంచనాలో డిమాండు లేదు. డిమాండు లేదు కాబట్టి లైను రాదు. కాగితం మీద డిమాండు తక్కువగా కనబడడానికి కారణం అవసరం లేకపోవడం కాదు, తీర్చే దారి లేకపోవడమని ప్రణాళిక వేసేవాళ్లు ఒప్పుకోవాలి. ఇలాంటి చోట పాత మీటరు రీడింగులు పక్కనపెట్టి పోడు పట్టాల విస్తీర్ణం, బోర్లు, బడులు, ఆసుపత్రులు లెక్కించి లైను వేయాలి.

దూరం చూడని నిర్ణయం ఎంతకాలం వెంటాడుతుందో చెప్పే ఉదాహరణ మణుగూరు, పాల్వంచలున్న ఈ జిల్లాలోనే ఉంది. పాల్వంచ పాత స్టేషన్లు 1966లో మొదలై 2020 వరకు నడిచాయి. అంటే ఒక ప్లాంటు నిర్ణయం రెండు తరాలు ఉంటుంది. 2014లో రాష్ట్రం విడిపోయినప్పుడు పోలవరం ముంపు మండలాలతో పాటు 460 మెగావాట్ల దిగువ సీలేరు జల విద్యుత్ కేంద్రం ఆంధ్రప్రదేశ్‌కు వెళ్లింది. తెలంగాణకు తీవ్రమైన కొరత ఎదురైంది. ఆ తొందరలో, వేరే కంపెనీ కోసం తయారై ఉన్న 270 మెగావాట్ల సబ్‌క్రిటికల్ యంత్రాలతో భద్రాద్రి కేంద్రాన్ని ఎంచుకున్నారు. త్వరగా వస్తుందన్నది అప్పటి వాదన. తీరా పర్యావరణ అనుమతుల చిక్కులతో మొదటి యూనిట్ 2020లో, చివరిది 2022 జనవరిలో వచ్చాయి. పాల్వంచలోని 800 మెగావాట్ల సూపర్‌క్రిటికల్ యూనిట్ మాత్రం 2018 డిసెంబరులోనే సిద్ధమైంది. ఒక్కో యూనిట్ కరెంటుకు తక్కువ బొగ్గు కాల్చే ఈ సూపర్‌క్రిటికల్ యంత్రమే ముందు వచ్చింది. ఈలోగా, రాష్ట్రం ఏర్పడినప్పుడు 5,700 మెగావాట్ల లోపున్న గరిష్ఠ డిమాండు 2025 మార్చిలో 17,000 దాటింది. ఉత్పత్తి పెరగాల్సిందేననడంలో సందేహం లేదు. కానీ ఆ పెరుగుదలలో అడవి అంచు వాటా ఎంతన్నది తీగలే తేలుస్తాయి.

లైను అంటే అడవి నరకడమేగా అన్నది బలమైన అభ్యంతరం. 33 కిలోవోల్టుల లైనుకు పదిహేను మీటర్ల వెడల్పు, 11కు ఏడు మీటర్ల వెడల్పు దారి కావాలి. అయితే 2006 అటవీ హక్కుల చట్టం సెక్షన్ 3(2) విద్యుత్ లైన్లకు ఒక్కోదానికి హెక్టారు లోపు, హెక్టారుకు 75 చెట్లకు మించకుండా, గ్రామసభ సిఫారసుతో భూమి ఇవ్వవచ్చంది. ఏడు మీటర్ల లెక్కన ఒక హెక్టారులో దాదాపు 1.4 కిలోమీటర్లు పోతుంది. గూడేనికీ రోడ్డుకూ మధ్య చివరి ముక్కకు ఇది చాలాచోట్ల సరిపోతుంది. పొడవాటి 33 కేవీ లైనుకు సరిపోదు, దాన్ని ఉన్న రోడ్డు వెంటే తీసుకెళ్లాలి. టేకు, వెదురు కొమ్మలు తగిలేచోట తొడుగున్న తీగ వాడితే ఖర్చు పెరుగుతుంది. కానీ గాలివానకు లైను పడే బాధా, కొమ్మలు నరికే పనీ తగ్గుతాయి.

సౌర విద్యుత్ ఉండగా లైన్లెందుకని మరికొందరి వాదన. పోడు పట్టా భూముల్లో సౌర పంపులకు 2025 మేలో తెలంగాణ ప్రభుత్వం మొదలుపెట్టిన ఇందిర సౌర గిరి జల వికాసం మంచి ఆలోచన. పగలు నీళ్లు తోడడానికి అంతకన్నా తగిన దారి లేదు. రాత్రి ఆసుపత్రిలో కాన్పు గదికి, మిరప ఆరబెట్టే యంత్రానికి, వానాకాలం వరుస ముసురు రోజులకు మాత్రం లైను కావాలి. పైగా లైను ఉంటే, పంపు నడవని నెలల్లో ఆ సౌర పలకల కరెంటును బయటికి అమ్ముకోవచ్చు. లైనూ పలకలూ కలిసి ఉంటేనే రెండింటి విలువా పెరుగుతుంది.

డబ్బు ఎవరు పెడతారన్నది చివరి అభ్యంతరం. పది ఇళ్ల గుంపుకు వేసిన లైను ఖర్చు బిల్లుల్లో ఎన్నటికీ తిరిగిరాదు, నిజమే. బొగ్గు గనుల వల్ల జిల్లా ఖనిజ నిధికి వచ్చే డబ్బు ఇందుకు వాడడం ధర్మం. మరో సంగతి, ఒకే వైపు నుంచి వచ్చే లైను తెగితే గూడెం మొత్తం చీకటి. రెండు వైపుల నుంచి అందితే ఆ బాధ ఉండదు. భద్రాచలం అవతల చింతూరు, కూనవరం ఆంధ్రప్రదేశ్ పంపిణీ సంస్థ కింద, ఇటువైపు మండలాలు తెలంగాణ ఉత్తర పంపిణీ సంస్థ కింద ఉన్నాయి. సరిహద్దు మీద ఒక మీటరు పెట్టి రెండు 33 కేవీ లైన్లను కలిపితే ఎవరి లెక్క వారికే ఉంటుంది. 1989లోనే దిగువ సీలేరు నుంచి అప్పటి మధ్యప్రదేశ్‌లోని బార్సూరుకు 196 కిలోమీటర్ల డీసీ (డైరెక్ట్ కరెంట్) లైనును ప్రయోగాత్మకంగా నడిపారు. అప్పట్లో రెండు వైపుల గ్రిడ్‌లు ఒక లయలో లేకపోయినా ఆ అడవి మీదుగా కరెంటు దాటింది. ఇప్పుడు దేశమంతా ఒకే గ్రిడ్. కలపవలసిన సబ్‌స్టేషన్ల చోటు ఎంచుకునేటప్పుడు మాత్రం భద్రాచలం దగ్గర గోదావరి 1986లో 75.6 అడుగులకు, 2022 జులైలో 71.3 అడుగులకు పెరిగిందన్నది గుర్తుపెట్టుకుని, ఆ మట్టాలకు పైన, పోలవరం వెనక జలాలు తాకని మెరక మీద కట్టాలి.