త్రోవ తప్పిన పార్సెలు: కొనుగోలుదారుడు చేయవలసినదేమి?

పూర్వము గ్రామీణుడు తనకు కావలసిన వస్తువును సంతలోనో, పట్టణపు అంగడిలోనో కంటితో చూచి, బేరమాడి కొనెడివాడు. దూరమునుండి తెప్పించుకొనుటయు లేకపోలేదు. తపాలా శాఖ 1877లో వి.పి.పి. పద్ధతిని ప్రవేశపెట్టిన పిదప మదరాసునుండి పుస్తకములును, మందులును మన పల్లెలకు చేరుచుండెడివి. వానిని తెచ్చు పోస్టుమాను ఆ ప్రాంతమువాడే. ఎవరి యిల్లు ఏ వీధిలో నున్నదో అతడెరుగును. వస్తువు చేతికందినప్పుడే సొమ్ము చెల్లించుట ఆ పద్ధతి.

నేడు సెల్‌ఫోనులోనే అంగడి వెలసినది. చీరలు మొదలు కుట్టుమిషనులు, మోటారు విడిభాగములు, మందు పిచికారి యంత్రములవరకు అన్నియు ఆన్‌లైనులో కొనబడుచున్నవి. పెక్కు సందర్భములందు సొమ్ము ముందుగనే చెల్లింపబడుచున్నది. వస్తువు తెచ్చు కొరియరు యువకుడు పట్టణమునుండి బయలుదేరి ఒక్కదినములో పలు గ్రామములు తిరుగవలసినవాడు. అతనికి ఇండ్ల గురుతులు తెలియవు. అందుచే ఒకరి పార్సెలు మరియొకరి యింటికి చేరుట, అసలు చేరకయే చేరినట్లు నమోదగుట అప్పుడప్పుడు సంభవించుచున్నది. అట్టి వేళ జనులు మొదట పంచాయతీ సభ్యుని యొద్దకే వత్తురు. ఆయన ఏమి చెప్పవలెనో, ఏమి చేయరాదో ఈ వ్యాసమున వివరించుచున్నాము.

త్రోవ తప్పుటకు కారణములు

మన దేశమున పిన్ కోడు 1972 ఆగస్టు 15న అమలులోనికి వచ్చినది. దానిలోని ఆరు అంకెలలో మొదటిది మండలమును సూచించును; ఆంధ్రప్రదేశ్, తెలంగాణ, కర్ణాటక రాష్ట్రముల పిన్ కోడులు 5తో మొదలగుటకు ఇదియే కారణము. చివరి మూడంకెలు బట్వాడా చేయు తపాలా కార్యాలయమును తెలుపును. ఒక్క తపాలా కార్యాలయము క్రింద పలు గ్రామములుండుటచే పిన్ కోడు మాత్రమే వ్రాసినచో ఊరు తెలిసినట్లు కాదు. కొత్తపల్లి, రామాపురము, వెంకటాపురము వంటి పేర్లుగల గ్రామములు మన రాష్ట్రములలో ఎన్నియో కలవు. మండలము పేరు విడిచిన చిరునామా పొరుగు మండలములోని అదే పేరుగల ఊరికి పోవచ్చును. ఒకే ఊరిలో ఇంటి పేరును, అసలు పేరును ఒకటియైనవారు ఇద్దరు ముగ్గురుందురు. ‘రామాలయము వద్ద’ అని మాత్రము వ్రాసిన చిరునామాతో కొత్తవాడు ఇల్లు కనుగొనజాలడు.

బాధ్యత ఎవరిది?

ఈ కొనుగోలులో ముగ్గురు కలరు: వస్తువు నమ్మిన విక్రేత, అమ్మకమునకు వేదికయైన ఆన్‌లైను సంస్థ, వస్తువును మోసికొని వచ్చు కొరియరు సంస్థ. కొనుగోలుదారుడు సొమ్ము చెల్లించినది వేదికద్వారా విక్రేతకు. కొరియరును కుదుర్చుకొన్నవారు వారే గాని కొనుగోలుదారుడు కాడు. కనుక ‘కొరియరువారినే అడుగుము’ అని విక్రేత చెప్పి తప్పించుకొనుట తగదు. వేరొకరి యింటికి చేరిన వస్తువు కొన్నవానికి చేరినట్లు కానేరదు. కొరియరు పొరపాటును వారిలో వారు తేల్చుకొనవలసియుండును.

వినియోగదారుల రక్షణ చట్టము, 2019 ఆన్‌లైను కొనుగోళ్ళకును వర్తించును. ఆ చట్టము క్రింద 2020లో చేయబడిన ఈ-కామర్స్ నియమముల ప్రకారము, వస్తువు లోపముగలదైనను, నకిలీదైనను, ప్రకటించిన లక్షణములు లేనిదైనను, చెప్పిన గడువు దాటి వచ్చినను విక్రేత దానిని తిరిగి తీసికొనుటకు గాని, సొమ్ము వాపసు చేయుటకు గాని నిరాకరింపరాదు. తుపాను వంటి అనివార్య కారణమువలన ఆలస్యమైనప్పుడు మాత్రము మినహాయింపు కలదు. ప్రతి ఆన్‌లైను సంస్థయు ఒక ఫిర్యాదుల అధికారిని నియమించి, ఆయన పేరు, సంప్రదించు విధము ప్రకటింపవలెను. ఆయన ఫిర్యాదు అందినట్లు 48 గంటలలో తెలిపి, ఒక నెలలోగా పరిష్కరింపవలెను.

ఇచట ఒక సందేహము కలుగవచ్చును. తిరిగి అమ్ముటకు గాని, వ్యాపారమునకు గాని కొన్నవాడు ఈ చట్టము దృష్టిలో వినియోగదారుడు కాడు. అట్లయిన కుట్టుమిషను కొన్న దర్జీ, పిచికారి యంత్రము కొన్న రైతు మాటయేమి? కేవలము తన జీవనోపాధికై, స్వయముగా వాడుకొనుటకు కొన్నవాడు వినియోగదారుడే యని చట్టము స్పష్టముగా చెప్పుచున్నది. కావున వారికిని ఈ రక్షణ కలదు.

మొదటి దినముననే చేయవలసినవి

ఒక రైతు రూ. 3,200 చెల్లించి పిచికారి యంత్రము తెప్పించుకొన్నాడనుకొందము. పైరుకు పురుగు పట్టియున్నది. ఫోనులో ‘అందజేయబడినది’ అని కనిపించుచున్నది. ఇంటికి మాత్రము ఏదియు రాలేదు. అతడు నాలుగు దినములు వేచి, ఐదవ దినమున కొరియరు యువకునితో కలహించి, పదవ దినమున పంచాయతీకి వచ్చినచో పైరును నష్టపోవును, సంస్థ ఫిర్యాదునకు పెట్టిన గడువును దాటిపోవచ్చును. అందుచే జాగు చేయక ఈ క్రింది పనులు వరుసగా చేయవలెను.

మొదట ఆర్డరు నెంబరు, పార్సెలు జాడ తెలుపు ట్రాకింగు నెంబరు, అందజేసినట్లు చూపిన తేదీ, వేళ ఒక కాగితముపై వ్రాసికొనవలెను. ఫోను తెరపై కనిపించు వివరములను, అందజేత సమయమున తీసిన ఫోటో యున్నచో దానిని స్క్రీన్ షాటు తీసి భద్రపరచవలెను. ఇవి తరువాత కనిపింపకపోవచ్చును.

పిమ్మట ఇంటిలోనివారిని, ఇరుగుపొరుగువారిని, పార్సెళ్ళు దించిపోవు కిరాణా కొట్టువానిని విచారింపవలెను. అదే పేరుగల పొరుగు ఊరిలో తెలిసినవారున్నచో వారికి ఫోను చేయవలెను. చాల పార్సెళ్ళు ఇంతటితోనే దొరకును.

మూడవది, కొరియరు యువకునితో నిదానముగా మాటలాడి, పార్సెలు ఎవరి చేతికిచ్చెనో, ఏ గురుతుగల ఇంటివద్దనో అడిగి వ్రాసికొనవలెను. అతడు సాక్షి, ఋణస్థుడు కాడు.

నాలుగవది, అదే దినమున వేదికకును, విక్రేతకును వ్రాతమూలకముగా ఫిర్యాదు చేసి, ఫిర్యాదు నెంబరు తీసికొనవలెను. ఫోనులో మాటలాడినది ఋజువుగా నిలువదు. మాటలాడినను, ఆ సంగతినే మరల వ్రాసి పంపవలెను. కొరియరు సంస్థకు కూడ ట్రాకింగు నెంబరుతో వ్రాసి, అందజేత ఋజువు, అనగా సంతకము, ఫోటో, అందజేసిన స్థలము పంపుమని కోరవలెను.

ఫిర్యాదు ఎట్లు వ్రాయవలెను?

ఫిర్యాదు చిన్నదిగను, స్పష్టముగను ఉండవలెను. దూషణములు పనికిరావు. మాదిరి యొకటి ఇచ్చుచున్నాము:

“అయ్యా, నేను ఫలానా తేదీన ఫలానా నెంబరుగల ఆర్డరుద్వారా మందు పిచికారి యంత్రమొకటి కొని, రూ. 3,200 చెల్లించితిని. ఫలానా తేదీన సాయంకాలము 4 గంటలకు అది అందజేయబడినట్లు మీ నమోదులో కలదు. అది నాకు గాని, నా కుటుంబములోనివారికి గాని అందలేదు. ఫోటోలో కనిపించు ఇల్లు మాది కాదు. ఓ.టి.పి. నేనెవరికిని చెప్పలేదు. కావున అందజేత ఋజువును నాకు పంపుడు. ఏడు దినములలోగా వస్తువును అందజేయుడు, లేదా పూర్తి సొమ్మును వాపసు చేయుడు. ఫిర్యాదు నెంబరు తెలియజేయ గోరెదను.”

దీనిలో జరిగినదానిని మాత్రమే వ్రాయవలెను. ఓ.టి.పి. చెప్పియున్నచో ఆ సంగతిని, ఎవరికి, ఎట్లు చెప్పినదియు ఉన్నదున్నట్లు వ్రాయవలెను. ఒక్క అసత్యము తక్కిన సత్యములన్నిటిని చెరచును.

సమాధానము రానిచో

నలుబదియెనిమిది గంటలలో జవాబు లేకున్నను, వచ్చిన జవాబు తృప్తికరముగా లేకున్నను ఫిర్యాదుల అధికారికి వ్రాయవలెను. అప్పటికిని ఫలితము లేనిచో జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రమునకు 1915 నెంబరుకు ఫోను చేయవచ్చును. దీనికి ఖర్చు లేదు, తెలుగులోనే మాటలాడవచ్చును. ఇది న్యాయస్థానము కాదు. ఫిర్యాదును సంస్థకు పంపి, వ్యాజ్యము లేకుండ పరిష్కారము జరుగునట్లు ప్రయత్నించును. పెక్కు చిన్న తగవులు తీరుటకు ఇది సులభమైన మార్గము.

కడపటి మార్గము జిల్లా వినియోగదారుల వివాద పరిష్కార కమిషను. చెల్లించిన ధర రూ. 50 లక్షలకు మించని వ్యవహారములు దీని పరిధిలోనివి. ధర రూ. 5 లక్షలవరకు ఫీజు లేదు. న్యాయవాదిని పెట్టుకొనవలెనను నిర్బంధము లేదు. విక్రేత ఢిల్లీలోనో, ముంబైలోనో ఉన్నను, కొనుగోలుదారుడు తాను నివసించు జిల్లాలోనే ఫిర్యాదు దాఖలు చేయవచ్చును. వివాదకారణము కలిగిన నాటినుండి రెండేండ్లలోగా దాఖలు చేయవలెను. ‘ఈ-జాగృతి’ అను ఆన్‌లైను వేదికద్వారా ఇంటినుండియు దాఖలు చేయు వసతి కలదు.

ఇతరుల పార్సెలు మన యింటికి వచ్చినచో

న్యాయము రెండువైపుల నుండవలెను. పైన మరియొకరి పేరున్న పార్సెలును విప్పరాదు. దానిపైనున్న చిరునామాను ఫోటో తీసి, కొరియరువారికి తెలిపి, వచ్చి తీసికొనిపొమ్మని కోరవలెను. తీసికొనిపోవునప్పుడు వ్రాతపూర్వకమైన గురుతు పుచ్చుకొనవలెను. ఇతరుని వస్తువును నిజాయితీ లేక తనదిగా చేసికొనుట 2024 జూలై 1 నుండి అమలులోనున్న భారతీయ న్యాయ సంహిత ప్రకారము నేరము. మన పేరనే వచ్చి లోపల వేరు వస్తువున్నచో, దానిని వాడక, పెట్టెతోను, పైచీటితోను సహా భద్రపరచి విక్రేతకు తెలుపవలెను.

మోసగాండ్రు కలరు, జాగ్రత్త

పార్సెలు పోయినవాని ఆతురతయే మోసగానికి పెట్టుబడి. ఇంటర్నెట్టులో వెదకి దొరకిన ‘కస్టమర్ కేర్’ నెంబర్లలో దొంగ నెంబర్లుండును. ఆర్డరు చేసిన సంస్థయొక్క స్వంత యాప్‌లోని నెంబరునే వాడవలెను. సొమ్ము మన ఖాతాకు వాపసు వచ్చుటకు యు.పి.ఐ. పిన్ నొక్కవలసిన పని ఎన్నడును లేదు. పిన్ అడిగినవాడు సొమ్ము ఇచ్చువాడు కాడు, తీసికొనువాడు. అట్టి మోసము జరిగిన వెంటనే 1930 నెంబరుకు ఫోను చేయవలెను.

పంచాయతీ సభ్యులు చేయదగినవి

కొన్నిచోట్ల కొరియరు యువకుని రచ్చబండ వద్ద నిలిపి, సొమ్ము కట్టుమని ఒత్తిడి చేయవలెనను ఆలోచన పుట్టుట సహజము. ఇది తగదు. అతడు తరచు పార్సెలుకింత యని కూలి పొందు పేదవాడు. అతడు తన జేబునుండి చెల్లించినచో సంస్థ నమోదులో వస్తువు అందినట్లే నిలిచిపోవును, బాధ్యులైనవారు తప్పించుకొందురు, మరునెలలో మరియొకరి పార్సెలు అట్లే పోవును. తప్పు చేసినాడని అనుమానమున్నను దానిని విచారింపవలసినది సంస్థయు, పోలీసులును.

సభ్యుడు చేయదగిన మేలు వేరు. చదువురానివారికి ఫిర్యాదు వ్రాసిపెట్టవచ్చును. ఫోటోలోని ఇల్లు ఫిర్యాదిది కాదని తానెరిగినచో, ఆ మాట వ్రాసి సంతకము చేసి యియ్యవచ్చును. అదే పేరుగల మరియొక ఊరు సమీపమున కలదని తెలుపుటయు ఉపయోగకరము.

అన్నిటికంటె ముఖ్యమైనది ముందుజాగ్రత్త. ప్రతి యింటికి నెంబరు, ప్రతి వీధికి పేరు స్పష్టముగా కనిపించునట్లు పంచాయతీ చూడవలెను. ఇంటి నెంబరు, వీధి, గ్రామము, మండలము, జిల్లా, పిన్ కోడు వరుసగా వ్రాసిన మాదిరి చిరునామాను పంచాయతీ కార్యాలయపు బోర్డుపై ప్రదర్శింపవచ్చును. తపాలా శాఖ, ఐ.ఐ.టి. హైదరాబాదు, ఇస్రోకు చెందిన జాతీయ దూరగ్రాహక కేంద్రము కలిసి రూపొందించిన ‘డిజిపిన్’ 2025 మే 27న వెలువడినది. అది సుమారు నాలుగు మీటర్ల చదరపు స్థలమునకొక్కటి చొప్పున పదక్షరముల గురుతు నిచ్చును. చిరునామాకు ఇది తోడేగాని బదులు కాదు.

ఇంటి నెంబరు పలకకు అగు వ్యయము స్వల్పము. పార్సెలు మాత్రమే కాదు, అంబులెన్సు, అగ్నిమాపక శకటము సైతము ఆ పలకను చూచియే ఇల్లు చేరును. రూ. 3,200 ధనికునికి చిన్నమొత్తమే కావచ్చును. రైతుకూలీకి అది అనేక దినముల కష్టార్జితము. ఆ సొమ్ము సకాలములో అతనికి తిరిగి చేరునట్లు ఒక కాగితము వ్రాసిపెట్టుట పంచాయతీ సభ్యులకు అసాధ్యమైన పని కాదు.